దాచిన కాగితాలే సాక్ష్యం: టస్కీగీ రికార్డుల గది కథ

పదిహేనేళ్ల కిందటి మాట. నేను పనిచేస్తున్న ఆశ్రమ పాఠశాలకు ఒక తండ్రి వచ్చాడు. వేసవి సెలవులకు ఇంటికి పోయిన ఆయన కూతురు జ్వరంతో చనిపోయింది. ఐదో తరగతి పిల్ల. “ఇంట్లో పిల్ల ఫోటో ఒక్కటి లేదు సార్. బడిలో ఉంటే ఇయ్యండి” అని అడిగాడు.

ఉండాలి. అంతకు ముందు ఏడాది ఒక పెద్ద అధికారి వచ్చినప్పుడు పూలగుచ్ఛం ఇచ్చింది ఆ పిల్లే. ఫోటో ఒకటి పత్రికకు పంపి, ఇంకో కాపీ ఫైలులో పెట్టింది నేనే. ఫైలు మీద ‘పత్రికా వార్తలు, సందర్శనలు’ అని రాసిందీ నేనే. బీరువా మొత్తం దించి వెతికాం. దొరకలేదు. ఆ వేసవిలోనే గదులకు సున్నాలు వేస్తూ పాత కాగితాలన్నీ తూకానికి అమ్మేశారు. అమ్మవచ్చునని సంతకాలు పెట్టిన వాళ్లలో నేనూ ఉన్నాను.

హాజరు పట్టీ, అడ్మిషన్ రిజిస్టరు, స్టాకు రిజిస్టరు పోతే ఆడిట్‌లో అడుగుతారు కనుక వాటిని జాగ్రత్తగా దాచుకుంటాం. వార్తల ఫైలును ఎవరూ అడగరు. అది బడి గొప్ప చెప్పుకోవడానికి పెట్టుకున్న ఫైలు. గొప్పలు చెప్పుకున్న కాగితాలతో చరిత్రకు ఏం పని అనుకున్నాం. ఆ తండ్రి వట్టి చేతులతో తిరిగి వెళ్లిన తర్వాత ఆ మాట నాకు అంత తేలికగా అనిపించలేదు.

పెద్ద విశ్వవిద్యాలయాల్లో ఈ పనికి ఏకంగా ఒక కార్యాలయమే ఉంటుంది. ప్రజా సంబంధాల కార్యాలయం అంటారు. పత్రికా ప్రకటనలు రాయడం, ఫోటోలు తీయించడం, తమ సంస్థ గురించి ఏ పత్రికలో ఏం వచ్చిందో కత్తిరించి అతికించడం, అతిథులకు సంస్థను చూపించడం దాని పనులు. ఏళ్లు గడిచేసరికి అక్కడ కాగితాలు గుట్టలు పడతాయి. వాటిని ఆర్కైవ్స్‌లో భద్రం చెయ్యాలా, తూకానికి వెయ్యాలా అన్న ప్రశ్న ఎక్కడైనా వస్తుంది. ఆ ప్రశ్నకు జవాబుగా నాకు తెలిసిన మంచి ఉదాహరణ అమెరికాలో, ఒకప్పటి బానిసల పిల్లల కోసం పుట్టిన విద్యాసంస్థలో ఉంది. సంస్థ పేరు టస్కీగీ.

ఇటుకలు కాల్చి కట్టుకున్న బడి

అలబామా రాష్ట్రంలోని మేకన్ కౌంటీలో 1881 జూలై 4న టస్కీగీ బడి మొదలైంది. బానిసత్వం రద్దయి అప్పటికి ఇరవై ఏళ్లు కూడా కాలేదు. మొదటి ప్రిన్సిపాల్ బుకర్ టి. వాషింగ్టన్. ఆయనా బానిసగా పుట్టినవాడే. విద్యార్థులే ఇటుకలు చేసి, కాల్చి, తమ భవనాలు తాము కట్టుకున్నారు. చదువుతో పాటు వ్యవసాయం, వడ్రంగం, కుట్టుపని నేర్పేవారు. ఈ బడే తర్వాత ఇన్‌స్టిట్యూట్ అయింది, 1985లో విశ్వవిద్యాలయం అయింది.

ప్రభుత్వం ఇచ్చే డబ్బు చాలేది కాదు. ఉత్తరాది ధనవంతుల విరాళాల మీదే సంస్థ నడిచేది. విరాళాలు రావాలంటే పేరు రావాలి. అందుకని వాషింగ్టన్, ఆయన కార్యదర్శి ఎమ్మెట్ స్కాట్ ప్రచారాన్ని ఒక శాఖ పనిలాగా నడిపారు. దేశమంతటా పత్రికలకు వార్తలు పంపేవారు. 1902లో ఫ్రాన్సెస్ బెంజమిన్ జాన్‌స్టన్ అనే ఫోటోగ్రాఫర్‌ను పిలిపించి తరగతులు, పొలాలు, పనిశాలలు ఫోటోలు తీయించారు. శుభ్రమైన బట్టలు, వరుసగా నిలబడ్డ విద్యార్థులు, చేతిలో పనిముట్లు. మన బడుల్లో అధికారి వచ్చిన రోజు మనం తీయించే ఫోటోలు గుర్తొస్తాయి.

1895లో అట్లాంటాలో వాషింగ్టన్ చేసిన ప్రసంగం పెద్ద పేరు తెచ్చింది. రాజకీయ హక్కుల కోసం ఇప్పుడే తగవు పెట్టుకోవద్దు, ముందు పని నేర్చుకుని నిలబడదాం అన్నది దాని సారం. తెల్లవాళ్లు మెచ్చుకున్నారు. డబ్ల్యూ.ఇ.బి. డు బోయిస్ వంటి నల్లజాతి మేధావులు ఇది లొంగుబాటు అన్నారు. పత్రికా ప్రకటనలు మాత్రమే మిగిలి ఉంటే ఈ రోజు మనకూ ఆయన లొంగిపోయిన మనిషిగానే కనబడేవాడు.

కానీ ఆయన కార్యాలయం ఉత్తరాలను కూడా దాచింది. ఆ కాగితాలను టస్కీగీ సంస్థ 1940లలో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు అప్పగించింది. చరిత్రకారుడు లూయిస్ హార్లన్ వాటిని పరిశీలించి 1972 నుంచి 1989 వరకు 14 సంపుటాలు వెలువరించాడు. అందులో ఇంకో వాషింగ్టన్ బయటపడ్డాడు. నల్లజాతి వాళ్ల ఓటు హక్కును లాక్కున్న అలబామా రాజ్యాంగం మీద కోర్టులో పోరాడిన లాయర్లకు ఆయన రహస్యంగా డబ్బు పంపాడు. 1903లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఓడిపోయిన గైల్స్ కేసు వాటిలో ఒకటి. అసలు పేర్లు బయటపడకుండా ఉత్తరాలు నడిపారు. వేదిక మీద ఒక మాట, బల్ల సొరుగులో ఇంకో మాట. రెండూ ఒకే కార్యాలయం నుంచి వచ్చినవి. రెండూ మిగిలాయి కాబట్టే ఆ మనిషి మనకు పూర్తిగా తెలిశాడు.

కత్తిరింపుల శాఖ

1908లో టస్కీగీకి మన్రో వర్క్ అనే పండితుడు వచ్చాడు. 1866లో నార్త్ కరోలినాలో పుట్టాడు. తల్లిదండ్రులు బానిసలుగా బతికిన వాళ్లు. వ్యవసాయ కుటుంబం. చదువు ఆలస్యంగా సాగినా చికాగో విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్రం చదివి 1903లో ఎం.ఏ. పట్టా పొందాడు. టస్కీగీలో రికార్డులు, పరిశోధనల శాఖ ఆయన చేతి మీదుగానే ఏర్పడింది.

వాషింగ్టన్ మొదట కోరింది చిన్న పని. టస్కీగీలో చదివిన వాళ్లు ఇప్పుడెక్కడ ఉన్నారు, ఏం సాధించారు అన్న వివరాలు పోగు చెయ్యాలి. విరాళాలిచ్చే వాళ్లకు, పత్రికలకు, ఉత్తరాలు రాసి అడిగే వాళ్లకు జవాబులు ఇవ్వాలి. ఇవాళ్టి లెక్కలో అది ప్రజా సంబంధాల పనే. వర్క్ ఆ పనిని పెద్దది చేశాడు. తమ సంస్థ గురించి మాత్రమే ఎందుకు, నల్లజాతి జనం జీవితం మొత్తం గురించి పత్రికల్లో వచ్చిన ప్రతి వార్తా కత్తిరించి దాచుదాం అన్నాడు. చదువు, భూమి, వ్యాపారం, చర్చి, ఆరోగ్యం, నేరం, కోర్టులు అంటూ విషయం వారీగా, ఏడాది వారీగా ఫైళ్లు కట్టాడు. ఆ సమాచారంతోనే 1912లో ‘నీగ్రో ఇయర్ బుక్’ అనే వార్షిక గ్రంథం వెలువడింది. 1928లో నల్లజాతి మీద వచ్చిన పుస్తకాల, వ్యాసాల పెద్ద జాబితా అచ్చయింది.

ఆ ఫైళ్లలో ఒక దాని పేరు మూక హత్యలు.

అప్పట్లో దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లవాళ్ల గుంపులు నల్లజాతి మనుషులను విచారణ లేకుండా ఉరితీసేవి, కాల్చేవి. చాలా చోట్ల అది పట్టపగలు జనం గుమిగూడి చూసే సంతలాగా జరిగేది. ఈ హత్యలను లెక్కలతో సహా ప్రపంచం ముందు పెట్టిన ధీరురాలు ఐడా బి. వెల్స్. 1892లో, 1895లో ఆమె పుస్తకాలు వేసింది. ఆమె పత్రిక కార్యాలయాన్ని మెంఫిస్‌లో ధ్వంసం చేశారు. ఆమె మళ్లీ ఆ ఊరికి తిరిగి వెళ్లి బతికే పరిస్థితి లేకుండా పోయింది. అలాంటి విషయాన్ని అలబామా నడిబొడ్డున ఉన్న ఒక సంస్థ ఏటేటా లెక్కగట్టింది.

ఎలా సాధ్యమైంది? వర్క్ కోపంగా రాయలేదు. ఏ రాష్ట్రంలో ఎంతమంది, మోపిన నేరం ఏమిటి, పత్రికలో వచ్చిన తేదీ ఏమిటి, అంతే. ఆధారాల్లో దక్షిణాది తెల్లవాళ్ల పత్రికలు కూడా ఉన్నాయి. వాళ్లు అచ్చేసుకున్న వార్తనే వాళ్ల ముందు పెడితే అబద్ధం అనడానికి లేదు. అందుకని ఆ పత్రికల్లో చాలా వరకు టస్కీగీ లెక్కలను అచ్చేశాయి. స్త్రీల మానం కాపాడడానికే మూకలు ఇలా చేస్తున్నాయి అనేది ఆనాటి సమర్థన. టస్కీగీ పట్టికలు చూస్తే చంపబడిన వాళ్లలో అత్యాచారం, లేదా అత్యాచార యత్నం ఆరోపణ ఉన్నవాళ్లు నాలుగో వంతు మంది మాత్రమే. అదీ ఆరోపణే, రుజువు కాదు. ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చినా కదలని అబద్ధం ఆ చిన్న పట్టిక దగ్గర నిలవలేకపోయింది.

1938లో వర్క్ పదవీ విరమణ చేశాడు. తర్వాత ఆ శాఖను నడిపిన జెస్సీ గుజ్మన్ అనే ఆమె ఆ పనిని 1960ల దాకా తీసుకెళ్లింది. 1882 నుంచి 1968 వరకు టస్కీగీ లెక్కలో మూక హత్యలు 4,743. అందులో నల్లజాతి వాళ్లు 3,446 మంది.

లెక్కలో పడని వాళ్లు

మిగిలిన 1,297 మంది ఎవరు? పట్టికలో వాళ్లను తెల్లవాళ్లు అని చూపించారు. పట్టికకు ఉన్నవి రెండే గడులు: తెలుపు, నలుపు. పడమటి రాష్ట్రాల్లో మూకలు చంపిన మెక్సికన్లు, చైనావాళ్లు, అమెరికా మూలవాసులు నలుపు గడిలో పట్టలేదు కాబట్టి తెలుపు గడిలోకి వెళ్లారు. తమ నేల మీదే చంపబడ్డ మూలవాసి, లెక్కలో తనను చంపినవాడి జాతిలో చేరిపోయాడు.

ఇది చదివినప్పుడు మన జనగణన గుర్తొచ్చింది. బ్రిటిష్ కాలంలో ఆదివాసుల విశ్వాసానికి వేరే గడి ఉండేది. స్వతంత్రం వచ్చాక 1951 నుంచి అది లేదు. పేరు చెప్పి రాయించుకుంటే ‘ఇతర మతాలు’ అనే గంపలో పడతాం. లేకపోతే రాసేవాడికి తోచిన మతంలో పడతాం. చెడ్డ మనసు లేకపోయినా గడి లేకపోతే మనిషి మాయమవుతాడు. వర్క్ చెడ్డవాడు కాదు కదా.

అయితే ఇక్కడే కాగితాలు దాచడంలోని బలం కనబడుతుంది. గడులు గీసిన పట్టికను మాత్రమే ఉంచి ఆధారాలను పారేసి ఉంటే ఆ తప్పు శాశ్వతమయ్యేది. ఒక్కో హత్యకు పేరు, చోటు, తేదీ మిగిలాయి. తర్వాతి పరిశోధకులు వాటిని పాత పత్రికలతో, కోర్టు కాగితాలతో మళ్లీ సరిచూశారు. కాలిఫోర్నియా చరిత్ర మీద కెన్ గొంజాలెస్-డే 2006లో వేసిన పుస్తకం అలాంటిది. ఆ రాష్ట్రంలో మూకలకు బలైన వాళ్లలో మూలవాసులు, మెక్సికన్లు, చైనావాళ్లు ఎంతమందో ఆయన విడదీసి చూపించాడు. లెక్కలో తప్పు ఉండవచ్చు. ఆధారం చెక్కుచెదరకుండా ఉంటే ఆ తప్పును మనవళ్లైనా దిద్దుతారు.

పేపర్లో రాని హత్యలు ఆ ఫైళ్లలో లేవన్నది ఇంకో కొరత. వార్త రాసేవాడు రాని ఊళ్లో చనిపోయినవాడికి పేపర్ కటింగ్ ఉండదు. ఆ మాట మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

కాగితాన్ని బతికించడం

న్యూస్‌ప్రింట్ చవక కాగితం. కలప గుజ్జులో ఉండే లిగ్నిన్ అనే పదార్థం అందులో మిగిలిపోతుంది. వెలుతురు తగిలితే అది పసుపు పచ్చగా మారుతుంది, ఆమ్లం పుట్టి కాగితం పెళుసుబారుతుంది. యాభై ఏళ్ల కటింగ్‌ను మడత విప్పితే చేతిలోనే ముక్కలవుతుంది. ఇనుప పిన్నులు తుప్పు పట్టి చుట్టూ కాగితాన్ని తింటాయి. అతికించే టేపు జిగురు కారి అక్షరాలను చెరిపేస్తుంది. మన వానాకాలంలో అయితే బూజు, చెదలు సరేసరి.

టస్కీగీ కటింగులను 1970లలో మైక్రోఫిల్ముగా తీశారు. 1899 నుంచి 1966 దాకా వచ్చిన వార్తలు అందులో ఉన్నాయి. అలా అవి దూరపు లైబ్రరీలకు కూడా చేరాయి. కాగితం కరిగిపోయినా మాట మిగిలింది.

ఆర్కైవ్స్ వాళ్లకు ఒక నియమం ఉంది. ఒక కార్యాలయం కాగితాలు ఏ వరుసలో వచ్చాయో ఆ వరుసలోనే ఉంచాలి, ఇంకో కార్యాలయం కాగితాలతో కలపకూడదు. మంచివి ఏరి ఒక చోట, పనికిరానివి ఒక చోట పెట్టకూడదు. ప్రజా సంబంధాల కార్యాలయం విషయంలో ఈ నియమం మరీ అవసరం. అచ్చయిన ప్రకటన పక్కన దాని చిత్తుప్రతి ఉంటే ఏ వాక్యం కొట్టేశారో తెలుస్తుంది. పత్రికకు పంపిన ఒక్క ఫోటో పక్కన పంపని ఇరవై ఫోటోలు ఉంటే ఎవరిని పక్కకు జరిపి తీశారో తెలుస్తుంది. పొగడ్త ఒక్కటే దాస్తే అది పొగడ్తగానే ఉంటుంది. మొత్తం దాస్తే సాక్ష్యం అవుతుంది.

ఆ సాక్ష్యం ఎంత దూరం నడిచిందో చూడండి. టస్కీగీకి దగ్గర్లోనే ఉన్న మాంట్‌గోమరీ పట్టణంలో 2018 ఏప్రిల్‌లో మూక హత్యల స్మారకం తెరిచారు. కౌంటీకి ఒకటి చొప్పున 800కు పైగా ఉక్కు స్తంభాలు వేలాడదీసి, వాటి మీద 4,400 మందికి పైగా బాధితులను నమోదు చేశారు. దాన్ని కట్టిన న్యాయవాదుల సంస్థ తన పరిశోధనకు పునాదిగా తీసుకున్న వాటిలో టస్కీగీ రికార్డులు ముఖ్యమైనవి. మూక హత్యను కేంద్ర నేరంగా చేసే బిల్లు 1922లో ప్రతినిధుల సభ దాటినా సెనేట్‌లో ఆగిపోయింది. చివరకు 2022లో చట్టమైంది. 1955లో మిసిసిపీలో చంపబడ్డ 14 ఏళ్ల ఎమ్మెట్ టిల్ పేరు దానికి పెట్టారు. నూరేళ్లు పట్టింది. నూరేళ్ల తర్వాత కూడా అడిగితే చూపించడానికి ఫైలు ఉంది.

మన దగ్గర

ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20న జరిగిన కాల్పుల్లో చనిపోయింది 13 మంది అని ప్రభుత్వ లెక్క. ఊళ్లలో చెప్పుకునే లెక్క అంతకు చాలా ఎక్కువ. ఆ రోజు చూసిన పెద్దలు ఒక్కొక్కరే పోతున్నారు. పర్ధాన్లు కింగ్రీ మీద పాడే కథల్లో మన గోత్రాల చరిత్ర తరాలు దాటి వచ్చింది. పాటను నేను తక్కువ చేయను. కానీ కోర్టులో, కచేరీలో పాటను సాక్ష్యంగా రాసుకోరు. పేరు, గోత్రం, ఊరు, తేదీ, చెప్పినవాళ్లు ఎవరు అని ఇప్పుడే కాగితం మీద పెట్టకపోతే 13 అన్న అంకె ఒక్కటే మిగులుతుంది.

మన తాతల ఫోటోలు చూడాలంటే 1940లలో ఆదిలాబాద్ గూడేల్లో తిరిగిన హైమండార్ఫ్ తీసినవే దిక్కు. ఆ సేకరణ లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన సోయాస్ లైబ్రరీలో భద్రంగా ఉంది. భద్రంగా ఉన్నందుకు సంతోషమే. మన ముఖాలు చూసుకోవడానికి అంత దూరం పోవాల్సి రావడం బాధే.

ఇప్పుడు మన పేరుతో విశ్వవిద్యాలయాలు వచ్చాయి. ఆంధ్రలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం, ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటున్నాయి. వాటి మొదటి ప్రకటనలు, మొదటి ఫోటోలు ఈ ఏళ్లలోనే తయారవుతాయి. కేంద్ర సంస్థల రికార్డులను ఇష్టం వచ్చినట్టు ధ్వంసం చెయ్యకూడదని 1993 పబ్లిక్ రికార్డ్స్ చట్టం చెబుతోంది. చట్టం ఉన్నంత మాత్రాన ఫైలు మిగలదు. మొదటి ఏడాది నుంచే ఆ కాగితాలకు ఒక గది, ఒక మనిషి, ఒక జాబితా కావాలని మన విద్యార్థులు, అధ్యాపకులు అడగాలి. ఫోటోలో డోలు కొడుతున్న వాళ్లను ‘గిరిజన కళాకారులు’ అని రాసి వదిలెయ్యకుండా పేర్లు, ఊర్లు రాయమని అడగాలి.

మన బడుల్లో ఇంతకంటే చిన్న పనులు చాలు. పేపర్ కటింగ్ మీద పత్రిక పేరు, తేదీ రాయాలి. పిన్ను తీసి దారంతో కట్టాలి. ఫైలును నేలకు, గోడకు తగలకుండా ఉంచాలి. ఫోన్లో తీసిన ఫోటోలు ఫోన్‌తో పాటే పోతాయి కాబట్టి ఏటా కొన్నైనా కడిగించాలి. అమ్మేసే ముందు ప్రతి ఫైలునూ ఒకసారి విప్పి చూడాలి.

మా బడిలో ఇప్పుడు ప్రతి ఫోటో వెనుక పెన్సిల్‌తో పిల్లల పేర్లు ఎడమ నుంచి కుడికి రాస్తున్నాం. వరుసలో చివర సగం ముఖమే పడిన పిల్ల పేరు కూడా రాస్తున్నాం. ఒక కాపీ ఇంటికి పంపుతున్నాం. ఆ తండ్రి ఊరికి నేను తర్వాత రెండుసార్లు వెళ్లాను. ఆయన ఫోటో సంగతి మళ్లీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేకపోయాను.